పోయేదానికే ఖర్చు

ఎల్లారెడ్డిలో రెండో స్టూడియో తెరిచిన రోజు నవత జ్వరమని చెప్పి కామారెడ్డిలోనే ఉండిపోయింది. అత్త సత్యమ్మ నుదురు పట్టి చూసి, ఒళ్లు చల్లగానే ఉందని పైకే చెప్పింది. అయినా నవత మంచం దిగలేదు.

ఎల్లారెడ్డి ఆమె పుట్టిన ఊరు. బడిలో ఆమె పక్కన కూర్చున్న ఆడపిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులై ఆ రోడ్డు మీదే కూరగాయలు కొంటారు. వాళ్లంతా ఇక ఆ స్టూడియోకే వస్తారు. వచ్చి, లోపలి కుర్చీలో నవతను కాక, ఆమె తోడికోడలు పల్లవిని చూస్తారు.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులోని స్టూడియో ఒక్క గదిగా ఉన్నప్పటి నుంచి నవత అందులో పనిచేసింది. భర్త హరీష్ కెమెరా పట్టుకొని పెళ్లిళ్లకు తిరిగితే ఆమె ఫొటోలు ఏరేది, ఆల్బంలు అంటించేది. హార్డ్ డిస్కుల మీద తెల్లపట్టీ వేసి, పెళ్లికూతురి పేరూ ఊరూ రాసి బీరువాలో పేర్చేది. ఎవరైనా వచ్చి, "మహమ్మద్‌నగర్ల మా అక్క పెండ్లి తీసిండ్రు, మూడేండ్లయితుంది" అంటే చాలు, వెతక్కుండానే ఆ డిస్కు తీసి చేతిలో పెట్టేది. హరీష్‌కు కావాలన్నా ఆమెనే అడగాలి.

పల్లవి కోడలై వచ్చిన రెండేళ్లలో ఆ బీరువా ఖాళీ అయింది. ఆ పిల్ల ఇంజనీరింగ్ చదివింది. పెళ్లిళ్లన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించింది. ఇప్పుడు పెళ్లివాళ్లు ఒక లింకు నొక్కితే ఫొటోలూ వీడియోలూ వాళ్ల ఫోన్లలోనే తెరుచుకుంటాయి. "మా చిన్నకోడలు మబ్బులల్ల దాస్తదమ్మా ఫొటోలు" అని సత్యమ్మ చుట్టాలందరికీ చెప్పింది. బీరువాను ఇంటికి తెప్పించుకొని అందులో దుప్పట్లు పెట్టుకుంది.

క్లౌడ్‌కు ఒప్పుకున్నప్పుడు హరీష్ ఒక్కటే షరతు పెట్టాడు. నెల నెలా వచ్చే బిల్లుకు ఒక హద్దు ఉండాలి. "ఆ హద్దు ఒక్కసారి దాటినా బంద్ చేస్త. మళ్ల డిస్కులే," అన్నాడు. పల్లవి హద్దు పెట్టింది. ఖర్చు అందులో సగమైనప్పుడు ఒకటి, ముప్పావు అయినప్పుడు ఒకటి, నిండినప్పుడు ఒకటి ఫోనుకు అలర్టు వచ్చేట్టు చేసింది. హరీష్ దాన్ని తనకు తెలిసిన తీరులో అర్థం చేసుకున్నాడు. పొలం దగ్గర బోరు మోటారు మీద భారం ఎక్కువైతే స్టార్టరు పడిపోయి ఆగినట్టు, ఇదీ దానంతటదే ఆగిపోతుందని.

ఆగదన్న సంగతి నవతకు పల్లవి కాన్పుకు పోయే ముందురోజు తెలిసింది. పల్లవి భర్త అరవింద్ కెమెరా పనిమీద ఊళ్లు తిరుగుతాడు కాబట్టి, ఎల్లారెడ్డి కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి. రోజూ కామారెడ్డి నుంచి బస్సులో పోయి కూర్చొమ్మని హరీష్ నవతకు చెప్పాడు. పని అప్పగించడానికి పల్లవి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"అక్కా, అలర్టుల నీ నంబరు పెట్టిన, నాది తీసేసిన. బీపీ ఉన్నదని డాక్టరమ్మ ఫోన్ జోలికి పోవద్దన్నది."

"అది మోగితె నేనేం జెయ్యాలె?"

"సగం అన్నప్పుడు ఊకో. ముప్పావు అన్నప్పుడు ఏది తింటున్నదో ఈ పేజీల చూడు. నిండింది అంటె మాత్రం బావకు తెల్వకముందే నాకు ఫోన్ చెయ్యి."

"నిండితె ఆగదా?"

పల్లవి నవ్వింది. "బావ గూడ గట్లనే అనుకుంటున్నడు. ఆగదక్కా. చెప్తది, గంతే."

"నాలెక్కనే అన్నట్టు. చెప్తనే ఉంట, ఎవలు ఆగుతరు?"

పల్లవి ఆ మాట విననట్టు తెరమీద ఖర్చుల పేజీలో ఒక గీత చూపించింది. "ఇగో, ఇది యాదుంచుకో. దాచిపెట్టినందుకు ఎక్కువ కాదు. ఎవలన్న తెరిచి చూస్తె ఇక్కడికెల్లి బయటికి పోతది కద, గా పోయేదానికే ఖర్చు."

మర్నాడు రామారెడ్డి నుంచి పల్లవి తల్లిగారు కారు తెచ్చుకొని వచ్చారు. సత్యమ్మ టైరు కింద నిమ్మకాయ పెట్టింది. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా నిలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నవత మొదటి కాన్పుకు పోయిన రోజు ఇదే అత్త, పొయ్యి మీద పప్పు ఉందని, బస్సు కదలకముందే ఇంటికి నడిచింది. ఎవరు పోతుంటే ఎవరు ఏడ్చారో, ఎవరు ఏడవలేదో నవత ఒక్కటీ మరిచిపోదు.

ఎల్లారెడ్డి కుర్చీ మెత్తగా ఉంది. నడుముకు ఆనుకోను పల్లవి దిండు కూడా ఉంది. నవత ఆ దిండు తీసి కింద పెట్టింది. పాత స్నేహితురాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే, "పల్లవి లేదా? ఎప్పుడొస్తది?" అన్నారు. "నేను లేనా?" అంటే, "నువ్వుంటివి గాని, ఆమె అయితె ఫోన్లనే పంపిస్తది కదనే" అన్నారు.

పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తుండగా మొదటి అలర్టు వచ్చింది. సగం దాటింది. నెల ఇంకా చాలా ఉంది. బడిలో మంచి మార్కుల పిల్లను సారు లేపి నిలబెట్టినప్పుడు పక్క బెంచీవాళ్లకు కలిగే సంతోషం లాంటిది నవతకు కలిగింది. ఫోను బోర్లించి పెట్టింది. పల్లవి ఊకొమ్మన్నది కదా, ఊకుంది.

రెండోది తొందరగానే వచ్చింది. ముప్పావు. నవత పేజీ తెరిచింది. ఆపడానికి కాదు, తప్పు ఎవరిదో తెలుసుకోవడానికి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ కిందికి పోతే, అన్నిటికంటే పొడుగు గీత ఒక్క పెళ్లి దగ్గర కనబడింది. గాంధారి అవతలి తండాలో సేవ్యా, చాందీల బిడ్డ గంగ పెళ్లి. అందులోనూ కత్తిరించి పాట కలిపి ఇచ్చిన వీడియో కాదు. దాన్ని ఎవరూ చూడడమే లేదు. చూస్తున్నదంతా కెమెరాలోంచి దించినది దించినట్టుగా ఉన్న బరువైన ఫుటేజీ. ఆల్బంకు ఫొటోలు ఏరుకోమని పల్లవి పెళ్లివాళ్లకు ఆ ఫోల్డరు లింకు ఇచ్చింది. ఏరుకున్నాక మూసేయాలి. మూయలేదు.

"మరిచిపోయింది," అంది నవత ఖాళీ స్టూడియోలో. ఎంత బాగుందో చూడడానికి మళ్లీ అంది. "పల్లవి మరిచిపోయింది."

ఒక్క నొక్కుతో మూసేయవచ్చు. ఎక్కడ నొక్కాలో పల్లవి చూపించే పోయింది. నవత నొక్కలేదు. నిండనీ. నిండితే హరీష్ మాటమీద ఉంటాడు. ఆ సాయంత్రం ఇంట్లో బీరువా తెరిచి దుప్పట్లు ఎక్కడికి మార్చాలా అని చూస్తుంటే సత్యమ్మ వెనక నుంచి, "ఏందే, ఎండకాలమొస్తుంటె నీకు చలి పెడుతుందా?" అంది.

ఒక్కటే పీకుతూ ఉంది. అంతగా ఎవరు చూస్తున్నారు? ఎందుకు చూస్తున్నారు? హరీష్ అడిగితే చెప్పగలగాలి. లేకుంటే తప్పు క్లౌడ్ మీదికి పోతుంది, పల్లవి మీద నిలవదు. గంగ పెళ్లి ఆల్బం తయారై కామారెడ్డిలో ఉంది. దాన్ని తానే ఇచ్చొస్తానని చెప్పి, నవత గాంధారి ఆటో ఎక్కింది.

చాంది ఇంటి ముందు ఆడవాళ్లు చింతపండు కొడుతున్నారు. నడుమ ఒక స్టీలు గిన్నె, గిన్నెలో ఫోను. శబ్దం పెద్దగా రావడానికి అట్లా పెట్టారు. అందులోంచి ఒక పిల్ల ఏడుస్తూ పాడుతోంది. పెళ్లి కావలసిన ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు దాని వెనకే మెల్లగా అంటున్నారు.

"రా అమ్మా, స్టూడియో అమ్మవు కద. ఆల్బం తెచ్చినవా?" చాంది చేతులు తుడుచుకొని లేచింది.

"తెచ్చిన గాని, ఏం చూస్తున్నరక్కా?"

"చూసుడు కాదమ్మా, వినుడు. మా గంగ గొంతు. ఢావ్లో అంటం మేము. అత్తగారింటికి పోయే పిల్ల ఒక్కొక్కల మెడ పట్టుకొని ఏడ్చుకుంట పాడుతది."

"వీడియో ఇచ్చినం కద మంచిగ చేసి?"

అమ్మాయిల్లో ఒకతె కిసుక్కుమంది. "గండ్ల సన్నాయి ఉన్నదమ్మా. గంగక్క నోరు తెరుస్తది, సన్నాయి వస్తది."

"నా బిడ్డ సన్నాయి మింగినట్టున్నది," అంది చాంది. అందరూ నవ్వారు. "గందుకే ఈ పెద్దదాంట్ల వింటం. జరసేపు చక్రం తిరిగి తిరిగి వస్తది. వస్తెనేమో గొంతు ఉంటది."

"ఎవలెవలు వింటున్నరు?"

"ఎవలు వింటలేరు? మా ఆయన చెరుకు కొట్టనీకి మహారాష్ట్ర పోయిండు. పెండ్లికి వచ్చి మర్నాడే పోయిండు, ఉచ్చల తీసుకున్నడు కద, కూలి పైసలు ముందే. ఆడ బండ్లకాడ మా తండోళ్లందరు వింటున్నరట. పెండ్లికి రానోళ్లే ఎక్కువ. గంగ గూడ మొగనితోని ఇంకో చక్కెర ఫ్యాక్టరీ దిక్కు పోయింది. తండ్రి ఒక దిక్కు, బిడ్డ ఒక దిక్కు. ఆయన రోజు కొడవలి పట్టేముందు ఇది పెట్టుకుంటడట. నాకు చెప్పడు, ఆయనతోని పోయిన బాబూలాల్ చెప్పిండు. ఇగ ఈ పోరిలు చూడు, పెండ్లిల పాడాలె కద, దీన్ని చూసే నేర్చుకుంటున్నరు. చుట్టు తండాలన్నిటికి పోయింది."

నవతకు పేజీలోని పొడుగు గీత కళ్ల ముందు కదిలింది.

"మీ చిన్నమ్మ సల్లగుండాలె," అంది చాంది. "సన్నాయి పెట్టినా, మా గొంతు మాకోసం వేరుగ దాచింది. చదువుకున్నామె కద, మనసు ఎరుకైంది."

దాచలేదు, మరిచిపోయింది, అనాలనుకుంది నవత. వేరే మాట వచ్చింది.

"లోపల కెమెరా పట్టుకున్నదెవలో ఎరుకేనా?"

"చిన్నమ్మే కద?"

"చిన్నమ్మ కడుపుతోని ఉన్నదని బయట పందిట్ల కుర్సీల కూసున్నది. మొగోళ్లు లోపలికి రావద్దంటిరి. నేనొచ్చిన. గా గోడకు ఆనుకొని నిలబడ్డ. నువ్వు నా కాలు గూడ తొక్కినవ్."

చాంది ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వా? అయితె ఆ ముక్కు చీదింది నువ్వేనా?"

అమ్మాయిలంతా గొల్లుమన్నారు. నవతకు అర్థం కాలేదు. చాంది గిన్నెలోంచి ఫోను తీసి, పాటను వెనక్కి జరిపి పెట్టింది. గంగ తల్లి మెడ పట్టుకొని పాడుతోంది. ఒకచోట ఊపిరి అందక ఆగింది. ఆ ఆగినచోట, బాగా దగ్గరగా, ఎవరో గట్టిగా ముక్కు చీదారు. తర్వాత గంగ మళ్లీ అందుకుంది.

"మాకందరికి ఆ జాగ ఎరుకే," అంది చాంది. "ఈ పోరి నేర్చుకుంట నేర్చుకుంట గా చీదుడు గూడ నేర్చుకున్నది. ఏదీ, అనవే." ఆ పిల్ల సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంది.

నవత కూడా నవ్వింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మరుక్షణమే ఇంకొకటి లేచింది. ఇది తనది. చెరుకు బండ్ల దగ్గర, ఇన్ని తండాల్లో వింటున్నది తాను తీసిన ముక్క. దాని మీద సన్నాయి కప్పి, కప్పిన మనిషే పేరు తెచ్చుకుంటోంది.

తిరుగు ఆటోలో ఫోను మోగింది. నిండింది.

గాంధారిలో దిగి, నవత బస్సుల కోసం నిలబడేచోట నిలబడింది. బస్సు వచ్చింది, పోయింది. ఆమె ఎక్కలేదు. ఫోల్డరు మూస్తే ఖర్చు ఆగుతుంది, సేవ్యా ఫోనులో గొంతూ ఆగుతుంది. మూయకుంటే హరీష్ మొత్తం మూస్తాడు, అప్పుడూ ఆగుతుంది. గొంతు నిలవాలంటే ఆ ఒక్క ముక్కను తేలికగా చేసి పెట్టాలి. అది ఎట్లానో తనకు రాదు. వచ్చిన మనిషి రామారెడ్డిలో ఉంది.

పల్లవి రెండోసారికి ఎత్తింది. "అక్కా? నిండిందా?"

"ఆ."

"నిన్న మొన్ననే సగం వచ్చి ఉంటది కద, ఇంత జల్దెట్ల?"

"సగం ఎప్పుడో వచ్చింది. ముప్పావు గూడ వచ్చింది."

"పేజీ చూసినవా?"

"చూసిన. గంగ పెండ్లి. ఏరుకునే ఫోల్డరు నువ్వు మూయలే."

"నేను మరిచిపోయిన, సరే. నువ్వు చూసి గూడ ఎందుకు మూయలేదక్కా?"

బీపీ అన్నారు కదా అందుకే చెప్పలేదని అనొచ్చు. ఆ మాట తయారుగానే ఉంది. "నిండనిచ్చిన," అంది నవత.

"నన్ను బావ ముందట నిలబెడదామని."

"ఆ."

"మంచిగనే ఉన్నది," అంది పల్లవి. "ఇప్పుడన్న మూస్తవా?"

"మూయ. గంగ పాడిన ముక్క చిన్నగ చేసి పెట్టుడెట్లనో చెప్పు, అప్పుడు మూస్త. సన్నాయి లేకుండ."

"గా ముక్కనా? అది ఖరాబున్నదక్కా. మధ్యల ఎవలో ముక్కు చీదుతరు. గందుకే సన్నాయి పెట్టిన."

"ఆ చీదింది నేనే."

పల్లవి నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక నవ్వుతుంటే వెనక నుంచి ఆమె తల్లి, "నవ్వకే పిల్లా, కడుపు గుంజుతది" అని కేకలేయడం వినబడింది. నవతకు నవ్వు రాలేదు. కోపం కూడా రాలేదు.

ఎల్లారెడ్డి చేరాక పల్లవి ఫోనులో ఒక్కొక్క అడుగూ చెప్పింది, నవత చేసింది. మధ్యలో రెండుసార్లు తప్పు నొక్కింది. పల్లవి విసుక్కోకుండా మళ్లీ చెప్పింది, అదీ నవతకు నచ్చలేదు. ముక్క చిన్నదైంది, గొంతు గొంతులాగే ఉంది. పాత ఫోల్డరు మూసి, కొత్త లింకు తండాకు పంపారు. వీడియో మొదట్లో నీ పేరు పెట్టనా అని పల్లవి తానే అడిగింది. "పెట్టు" అంది నవత. "పూర్తిగ పెట్టు. ఇంటిపేరుతోని."

హరీష్‌కు ఆ రోజే చెప్పింది. అతను ముందు నమ్మలేదు. "నిండితె ఆగుతది కదనే!"

"ఆగదు. మీరే గట్లనుకున్నరు."

హరీష్ మాటమీద ఉండే మనిషి. "ఇగ అయిపోయింది. బంద్. ఈ నెల దాటినంక డిస్కులే. అమ్మా, దుప్పట్లు తియ్యి, బీరువా నవతకిచ్చెయ్."

రెండేళ్లుగా నవత మనసులో ఎన్నోసార్లు విన్న మాట అది. ఇంత పచ్చిగా, సత్యమ్మ వింటుండగా, హరీష్ నోటి నుంచే వచ్చింది. నవత బీరువా వైపు చూసింది.

"మన పెండ్లి డిస్కు ఏది?" అని అడిగింది.

హరీష్ తల తిప్పుకున్నాడు. ఆ డిస్కు పెళ్లయిన రెండో ఏడే తెరుచుకోవడం మానేసింది. హైదరాబాదు తీసుకుపోయినా లాభం లేకపోయింది. అప్పగింతలప్పుడు ఎల్లారెడ్డిలో నవత బాపు ఆమె చేతులు పట్టుకొని ఏదో అన్నాడు. చుట్టూ డప్పులు, ఆమెకు వినబడలేదు. వీడియోలో వినొచ్చనుకుంది. ఆయన ఇప్పుడు లేడు.

"పట్టీ గూడ నేనే వేసిన దాని మీద," అంది నవత. "నా బీరువలనే ఉండె."

"మొన్నటిదాక నువ్వే డిస్కులు డిస్కులు అంటివి..."

"ఇప్పుడు వద్దంటున్న. హద్దు దాటింది పల్లవి మరుపుతోని, నేను చెప్పకపోవుడుతోని. క్లౌడ్‌తోని కాదు. రెండు సార్లు చెప్పింది నాకు, నేనే ఊకున్న."

సత్యమ్మ చేతిలో పని ఆపేసింది. "ఎందుకూకున్నవే?"

"ఎందుకో నీకెరుక లేదా అత్తమ్మా?"

సత్యమ్మ బీరువాలోంచి దుప్పట్లు తీయలేదు. హరీష్ ఆ రాత్రి అన్నం దగ్గర, ఇంకొక్క నెల చూస్తానన్నాడు.

పల్లవికి ఆడపిల్ల పుట్టింది. చూడడానికి సత్యమ్మ, నవత రామారెడ్డి వెళ్లారు. సత్యమ్మ పిల్లను చూసి కళ్లు పల్లవివే, వేళ్లు పల్లవివే అని ఒక్కొక్కటి ఏరి చెబుతుంటే నవత ఎదురుగా కుర్చీలో కూర్చొని చాయ్ తాగింది. చివరికి సత్యమ్మ లోపలికి పోయాక, పిల్లను తన ఒళ్లోకి తీసుకుంది.

"అక్కా, చాందీబాయి నాకు ఫోన్ చేసింది," అంది పల్లవి. "వాళ్ల తమ్ముని బిడ్డ పెండ్లి ఉన్నదట. అప్పటికి నేనే వస్త, నేనే తీస్త అన్న."

"ఏమన్నది?"

పల్లవి పిల్ల టోపీ దారం సరిచేసింది. అది సరిగానే ఉంది. "నువ్వొద్దమ్మా అన్నది. ఆ పెద్దమ్మనే పంపుమన్నది."

నవత ఆ ముఖాన్ని తీరిగ్గా చూసింది. నవ్వుదామని చూస్తోంది, పెదవులు కలిసిరావడం లేదు. ఆ ముఖం ఎంత బరువుగా ఉంటుందో నవతకు తెలుసు. జాలి వచ్చింది, జాలి కంటే ముందు ఇంకొకటి వచ్చింది.

"నెల దాటంగనే కుర్సీల కూసుంట నేను," అంది పల్లవి. "అలర్టుల నా నంబరు మళ్ల పెట్టక్కా. ఇప్పుడే పెట్టరాదు, ఫోన్ల అయితది కద."

"చూద్దాం."

"చూసుడేందక్కా, ఒక్క నిమిషం పని."

పిల్ల కదిలి సన్నగా ఏడుపు ఎత్తుకుంది. నవత లేచి, మెడ కింద చెయ్యి వేసి, జాగ్రత్తగా పల్లవి చేతుల్లో పెట్టింది.

"ఆకలైనట్టున్నది. ముందు పాలియ్యి," అంది. తన ఫోను సంచీలో వేసుకొని, చాయ్ గ్లాసు కడగడానికి వాకిట్లోకి పోయింది.